అట్టారీ గేటుకు రెండు తాళాలు

ప్రశ్న: పాకిస్తాన్‌తో వ్యాపారం మీద నిషేధం మనం ఎత్తేస్తే మళ్లీ మొదలైపోతుందా? (గుంటూరు నుంచి)

జవాబు: మొదలవదండీ. తాళాలు రెండు వైపులా పడ్డాయి.

పుల్వామా దాడి జరిగిన మర్నాడు, 2019 ఫిబ్రవరి 15న, మనం 1996లో ఇచ్చిన ‘అత్యంత అనుకూల దేశం’ హోదాను (సుంకాల్లో మిగతా దేశాలతో సమానంగా చూస్తామన్న మాట) వెనక్కి తీసుకున్నాం. ఆ మర్నాడే పాక్ సరుకు మీద 200 శాతం కస్టమ్స్ సుంకం వేశాం. వంద రూపాయల సరుకు గేటు దాటేసరికి మూడొందలు, మిగతా పన్నులు వేరే. నిషేధం అనకపోయినా కొనే నాథుడు లేకుండా పోయాడు. ఆ ఆగస్టులో, కశ్మీర్ ప్రత్యేక హోదా ఇచ్చే 370వ అధికరణాన్ని మనం రద్దు చేసిన విషయం మీద, పాకిస్తాన్ తన వైపు నుంచి వ్యాపారం మొత్తం ఆపేసింది. నెల తిరిగేసరికి మందులకు మాత్రం సడలింపు ఇచ్చుకుంది.

మన రెండో తాళం 2025లో పడింది. ఏప్రిల్ 22న పహల్గాం దాడి, మర్నాడు పంజాబ్ సరిహద్దులో ఉన్న అట్టారీ చెక్‌పోస్టు మూత. మే 2న విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ (డీజీఎఫ్‌టీ) నోటిఫికేషన్ వచ్చింది: పాకిస్తాన్‌లో పుట్టిన సరుకైనా, అక్కడి నుంచి ఎగుమతైన సరుకైనా నేరుగా రాకూడదు, మూడో దేశం మీదుగానూ రాకూడదు.

ఎత్తేయాలంటే విదేశీ వాణిజ్య విధానంలో చేర్చిన 2.20ఎ పేరా తీసేయాలి. అదొక్కటే తీస్తే, కస్టమ్స్ సుంకాల పట్టికలో 9806 నంబరు కింద ఉన్న 200 శాతం సుంకం అలాగే కూర్చుని ఉంటుంది. దాన్నీ తగ్గించాలి. అట్టారీ మూత, పాక్ జెండా ఓడల మీద ఆంక్ష విడివిడి ఉత్తర్వులు. ఆపైన అవతలి వాళ్లు ఒప్పుకోవాలి. 2021 మార్చి 31న వాళ్ల ఆర్థిక సమన్వయ కమిటీ మన పత్తి, పంచదార కొనడానికి ఒప్పుకుంది. మర్నాడే వాళ్ల మంత్రివర్గం దాన్ని పక్కన పెట్టేసింది.

ప్రశ్న: బేగంబజార్‌లో మాది హోల్‌సేల్ కొట్టు. పెళ్లిళ్ల సీజన్‌కు ‘దుబాయ్ సరుకు’ అని ఎండు ఖర్జూరం చవగ్గా ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా? (హైదరాబాద్)

జవాబు: కాగితాలు చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి. 2019 సుంకానికి ముందు మనకొచ్చే ఎండు ఖర్జూరంలో చాలా భాగం సింధ్ పంటే. ఇప్పుడు కరాచీలో ఎక్కించి, దుబాయ్ జబెల్ అలీ రేవులో కంటైనర్ మార్చి, కొత్త కాగితాలతో పంపడానికి చూస్తున్నారు. 2025 జూన్‌లో స్మగ్లింగ్‌ను పట్టుకునే రెవెన్యూ ఇంటెలిజెన్స్ విభాగం (డీఆర్‌ఐ) ఇలాంటి 39 కంటైనర్లు, 1,115 టన్నుల సరుకు పట్టుకుంది.

దుబాయ్‌లో సంచి మార్చినంత మాత్రాన ఖర్జూరం పుట్టిల్లు మారదు. కాయ ఏ దేశం చెట్టుకు కాసిందో ఆ దేశానిదే. కాబట్టి బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతికి కస్టమ్స్‌లో దాఖలు చేసే పత్రం) నకలు అడిగి, మూల దేశం గడి చూడండి. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఇచ్చిన దేశం, పంట పండిన దేశం ఒకటేనా చూడండి. పండించిన దేశానిది ఇవ్వకుండా తిరిగి ఎగుమతి చేసిన దేశం పత్రం ఒక్కటే చూపిస్తే అనుమానించండి. కంటైనర్ నంబరును షిప్పింగ్ లైన్ వెబ్‌సైట్‌లో కొట్టి చూడొచ్చు. కానీ రేవులో డబ్బా మార్చి ఉంటే పాత ప్రయాణం అందులో కనబడదు, అదొక్కటే నమ్ముకోకండి. సంచి కుట్టు దగ్గర పాత ముద్ర చెరిపిన గుర్తులుంటే అక్కడితో ఆపేయండి.

పట్టుబడితే కస్టమ్స్ చట్టం 111(డి) కింద సరుకు జప్తు, 112 కింద జరిమానా. మామూలు సరుకైతే 125వ సెక్షన్ కింద డబ్బు కట్టి విడిపించుకునే అవకాశం అధికారి ఇచ్చి తీరాలి. నిషిద్ధ సరుకుకు ఇవ్వడం, ఇవ్వకపోవడం ఆయన ఇష్టం. తీసుకున్న ప్రతి లాటుకీ కాగితాలు ఫైలు చేసి ఉంచండి.

ప్రశ్న: మన జవాన్లు చనిపోతుంటే వాళ్లతో వ్యాపారమేంటి? అసలు ఎందుకు ఎత్తేయాలి? (కరీంనగర్)

జవాబు: మీ కోపం న్యాయమైనదే. లెక్క కూడా చూడండి. 2018–19లో మనం అమ్మింది సుమారు 206 కోట్ల డాలర్లు, కొన్నది 50 కోట్లు. పత్తి, రసాయనాలు, మందుల ముడిసరుకు అమ్ముకున్నది మనవాళ్లే. అట్టారీలో వాళ్ల లారీ లోపలికొచ్చి సరుకు దించితే, మన లారీకి ఎక్కించింది కూలీలు. ఒక్కో బస్తా భుజం మీద మోసిన ఆ వెయ్యికి పైగా కుటుంబాలకు దాడులతో ఏ సంబంధమూ లేదు. వాళ్ల గురించి ఎవరూ అడగకపోవడం నాకు బాధగా ఉంటుంది.

అలాగని గేటు బార్లా తెరవమనను. 2008లో కశ్మీర్‌లోని నియంత్రణ రేఖ మీద మొదలైన వ్యాపారం చూడండి. 21 రకాల సరుకు, వస్తుమార్పిడి, బ్యాంకు చెల్లింపే లేదు. ఆయుధాలు, మత్తుమందులు, దొంగనోట్లు ఆ దారిలో వస్తున్నాయంటూ 2019 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆపేసింది. డబ్బు బ్యాంకు ద్వారా నడవకపోతే సరుకు విలువ ఎవరికీ తెలియదు, లోపం అక్కడే. నన్నడిగితే ముందు వాళ్లు మన పత్తికి తలుపు తీయాలి. అప్పుడు మనం అట్టారీ ఒక్కచోటే, చిన్న జాబితాతో, బ్యాంకు చెల్లింపుతో, ప్రతి లారీకీ స్కానర్‌తో మొదలుపెట్టాలి. ఓడ రేవులు ఆఖరున.

ప్రశ్న: ఇంట్లో వాడే సైంధవ లవణం పాకిస్తాన్‌దేనా? (కాకినాడ)

జవాబు: గులాబీ రంగు రాతి ఉప్పుకు పేరున్న గని పాకిస్తాన్ పంజాబ్‌లోని ఖేవ్రా. 2025 మే 2కు ముందు దిగిన పాత నిల్వ వాడుకోవడంలో తప్పులేదు. దిగుమతైన ప్యాకెట్ మీద మూల దేశం రాయాలి. విడిగా అమ్మేచోట బిల్లు అడిగి తీసుకోండి.