పెళ్లయితే ఆ కోరిక అదే వస్తుందా?

ప్రశ్న: మేడమ్, నాకు 28 ఏళ్లు, నెల్లూరులో ఉద్యోగం. ఎవరి మీదా నాకు శారీరకంగా కోరిక కలగదు, ఎప్పుడూ కలగలేదు. మా ఆఫీసులో ఒకాయనంటే ఇష్టం ఉండేది, ఆయనతో కలిసి బతకాలని కూడా అనిపించింది, కానీ అంతకు మించి ఆలోచనే రాలేదు. డాక్టరమ్మ టెస్టులన్నీ చేయించి బాగానే ఉన్నావంది. పోయిన రొట్టెల పండక్కి అమ్మ నన్ను స్వర్ణాల చెరువులో దించి, తల మీద కొంగు కప్పి, ఎవరి దగ్గరో పెళ్లి రొట్టె ఇప్పించింది. ఇప్పుడు ఒంగోలు సంబంధం దాదాపు ఖాయమైంది. పెళ్లయితే అన్నీ అవే వస్తాయంటోంది అమ్మ. నాలో లోపముందా?
– ఒక సోదరి, కావలి

జవాబు: లోపం లేదమ్మా. లైంగిక ఆకర్షణ కలగని వాళ్లను ఎసెక్సువల్ అంటారు, ప్రేమలో పడాలనే అనిపించని వాళ్లను ఎరొమాంటిక్ అంటారు. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు, ఒకటుండి ఇంకోటి లేకపోవచ్చు. ఆయనతో కలిసి బతకాలనిపించిందన్నావు కాబట్టి నీకు ప్రేమ తెలుసు, కోరికే లేదు. ఎసెక్సువల్ అనే పేరు పెట్టుకోవడం, మానడం నీ ఇష్టం.

2004లో ఆంథొనీ బోగార్ట్ అనే పరిశోధకుడు బ్రిటన్ సర్వే ఒకటి పరిశీలిస్తే దాదాపు నూటికి ఒకరు ఎవరి మీదా ఆకర్షణ లేదని చెప్పినట్టు తేలింది. మానసిక వైద్యులు జబ్బును నిర్ధారించడానికి చూసే డీఎస్ఎం-5 అనే పుస్తకం కూడా, తాను ఎసెక్సువల్ అని చెప్పుకునే మనిషికి కోరిక తక్కువనే జబ్బు పేరు పెట్టకూడదని 2013లోనే చెప్పింది. ఉన్న కోరిక ఉన్నట్టుండి పోతే థైరాయిడో డిప్రెషనో చూపించుకోవాలి గానీ, నీది అది కాదు.

అసలు టెన్షన్ ఆ ఒంగోలు సంబంధం గురించే. అన్నీ అవే వస్తాయనే మాట నమ్మి చేసిన పెళ్లిళ్లలో పిల్లా పిల్లాడూ ఇద్దరూ నలిగిపోతారు, పైగా కారణం లేకుండా ఎక్కువకాలం శారీరక కలయికకు ఒప్పుకోకపోవడం మానసిక క్రూరత్వం కావచ్చని 2007లో సుప్రీంకోర్టు ఒక విడాకుల తీర్పులో చెప్పింది. ఆ అబ్బాయికీ ఒక జీవితముంది, తెలుసుకునే హక్కుంది. అమ్మకు ఇంగ్లీషు పేర్లేవీ చెప్పొద్దు, 'నాకు ఆ కోరిక లేదమ్మా, తాళి కట్టినంత మాత్రాన రాదు' అని ఎదురుగా కూర్చుని చెప్పు, నీ మాట వినే పిన్నో వదినో ఉంటే పక్కన కూర్చోబెట్టుకో. ఆ అబ్బాయికీ చెప్పు, అతను కాదంటే సంబంధం తప్పిపోతుంది, ఊళ్లో నాలుగు రోజులు మాట్లాడుకుంటారు. లగ్నపత్రిక రాయించకముందే చెప్పు.