బుజ్జీ, చందాలకి బయల్దేరేముందు ఇది చదువు

బుజ్జీ,

మన ఊళ్ళో ఆటో నడుపుకునే అతని కూతురికి తలసీమియా అని, అదే ఒంట్లో రక్తం సరిగ్గా తయారవని జబ్బు, వెల్లూరులో ఎముక మజ్జ మార్చే ఆపరేషన్ చేయించడానికి ఊరంతా చందాలు వసూలు చేద్దామని నువ్వు బయల్దేరావని మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. చెప్తుంటే దాని గొంతులో సగం కంగారు, సగం గర్వం. నాకూ అంతే. ఉద్యోగం వచ్చి ఏడాది కాలేదు, నీ బతుకు నువ్వు చూసుకునే వయసులో ఇంకొకళ్ళ బిడ్డ కోసం గడప గడపా ఎక్కుదామనుకున్నావు చూడు, మీ తాతయ్య ఉంటే ఎంత మురిసిపోయేవాడో. రాత్రి నిద్ర పట్టక ఫోన్లో టైపు చేస్తున్నా, కొంచెం పొడుగైనా విసుక్కోకుండా చదువు.

ముందు ఒక పని చెయ్యి. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టిన ఆ పాప ఫోటో తీసెయ్. చేతికి రక్తం ఎక్కించే సూది, పక్కన ఏడుస్తున్న తల్లి. అది ఎంతమంది ఫోన్లలోకి వెళ్ళిందో నీకేం తెలుసు? ఆ పిల్లకి పెళ్ళీడు వచ్చినప్పుడు కూడా ఆ బొమ్మ ఎక్కడో ఒక గ్రూపులో తిరుగుతూనే ఉంటుంది. నీకు కోపం వచ్చినా సరే, తీసేశాకే కింద చదువు.

డబ్బు సంగతి. ఆస్పత్రి నుంచి ఎస్టిమేట్ రాయించుకోండి, లెటర్‌హెడ్ మీద, ముద్రతో. పాప తమ్ముడి మజ్జ మ్యాచ్ అయిందని మీ అమ్మ చెప్పింది, అది నిజంగా అదృష్టం, తోబుట్టువుల్లో ఒక్కొక్కళ్ళతో పూర్తిగా కలిసే అవకాశం నూటికి పాతికే. తోబుట్టువు మ్యాచ్ ఉన్న పిల్లలకి కోల్ ఇండియా డబ్బుతో నడిచే తలసీమియా బాల్ సేవా యోజన ఉంది, పది లక్షల దాకా ఇస్తారు, వాళ్ళ లిస్టులో ఉన్న ఆస్పత్రుల్లోనే చేయించాలి, వెల్లూరు సీఎంసీ అందులో ఉంది. అది అడిగారా? ముఖ్యమంత్రి సహాయనిధికి అప్లికేషన్ పెట్టారా? ఆపరేషన్‌కి ముందే పెడితే ఎల్‌ఓసీ, అంటే ఇంత డబ్బు కడతామని ఆస్పత్రికి ఇచ్చే హామీ కాయితం, వస్తుంది, ఎమ్మెల్యే గారి ఆఫీసులో అడగండి. ఈ రెండూ తేలాక మిగిలే లోటు ఎంతో అంతే ఊరిని అడుగు. మొత్తం ఖర్చు చెప్పి అడిగి, తర్వాత గవర్నమెంటు డబ్బు కూడా వచ్చిందని తెలిస్తే జనం మొహం మీదే అడుగుతారు.

అకౌంటు నీ పేరు మీద వద్దు, వాళ్ళ నాన్న పేరు మీదా వద్దు. ముగ్గురి పేరు మీద జాయింటు, ఇద్దరు సంతకం పెడితేనే డబ్బు కదలాలి. ఆస్పత్రిలో పేషెంటు నంబరు మీద నేరుగా కట్టే వీలుంటే ఇంకా మేలు. క్యూఆర్ కోడ్ ఫార్వర్డ్ చేసేటప్పుడు ఎవరి పేరు కనపడాలో కూడా రాయి, మధ్యలో కోడ్ మార్చి డబ్బు తమకి మళ్ళించుకునేవాళ్ళున్నారు. అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఇస్తామంటారు, అక్కడి సిటిజన్‌షిప్ తీసుకున్నవాళ్ళ డబ్బు కమిటీ అకౌంట్లో వేయించుకోకు, దానికి ఎఫ్‌సీఆర్‌ఏ అని విదేశీ విరాళాల చట్టం రూల్స్ ఉన్నాయి, తెనాల్లో ఎవరైనా ఆడిటర్‌ని అడిగాకే ముట్టుకో.

ఎప్పుడు అడగాలో కూడా చూసుకో. ఇప్పుడు అందరి చేతుల్లో ఎరువుల బాకీలున్నాయి. డాక్టర్లు ఆగొచ్చంటే వడ్లు అమ్ముకున్నాక, సంక్రాంతికి బయటూళ్ళ వాళ్ళు వచ్చినప్పుడు అడుగు. ఆగకూడదంటే మాత్రం రేపే మొదలెట్టు, పంట కోసం పిల్లని ఆపొద్దు.

ఇక నా గుండెల్లో ఇన్నేళ్ళుగా ఉన్నది చెప్తా. ఇది నువ్వు పుట్టకముందు సంగతి, ఆరోగ్యశ్రీ ఇంకా రాలేదు, అది 2007లో కదా మొదలైంది. మన ఊళ్ళోనే ఒక పిల్లాడికి గుండెలో రంధ్రం ఉందన్నారు, హైదరాబాదు తీసుకెళ్ళాలి. ఊళ్ళో పెద్దమనుషులు కమిటీ కట్టారు, మంచివాళ్ళే, ఒక్క రూపాయి తిన్నవాళ్ళు లేరు. పిల్లాడి చొక్కా విప్పించి ఫోటో తీసి కరపత్రాలు కొట్టించారు, రిక్షాకి మైకు కట్టి వాడినే అందులో కూర్చోబెట్టి బజారు బజారూ తిప్పారు. ఆడవాళ్ళు ఏడుస్తూ కొంగుముళ్ళు విప్పి ఇచ్చారు. అనుకున్నదానికంటే ఎక్కువే వచ్చింది. ఆపరేషన్ అయింది, పిల్లాడు బతికాడు, ఊరంతా సంబరపడింది.

కొంత డబ్బు మిగిలింది. అది ఏం చెయ్యాలో ముందు ఎవరూ అనుకోలేదు. "ఉంచుకోవయ్యా, మందులకి పనికొస్తుంది" అని తండ్రి చేతిలో పెట్టారు, కాయితం లేదు, లెక్క చదవలేదు. పిల్లాడికి చెమ్మ తగలకూడదని డాక్టరు చెప్పాడని ఆయన కారే పాక తీసి రేకులేయించాడు. ఇంకేముంది, "మన చందాతో ఇల్లు కట్టుకున్నాడు" అన్నారు. వాళ్ళింట్లో కోడి వండితే మాట, తల్లి కొత్త చీర కట్టుకుంటే మాట, అది పుట్టింటివాళ్ళు పెట్టిన చీరని తెలిసీ అన్నవాళ్ళున్నారు. ఇచ్చింది ఇరవై రూపాయలు, దానికి ఏళ్ళ తరబడి ఆ ఇంటి కుండలో ఏం ఉడుకుతుందో చూసే హక్కు వచ్చిందనుకున్నారు.

పిల్లాడు అప్పుడు నా క్లాసులోనే ఉన్నాడు. వాడి అసలు పేరు పోయి పిల్లలు "చందాగాడు" అని పిలిచేవాళ్ళు, నేను ఎన్నిసార్లు బెత్తం తీసుకున్నా బయట ఆగేది కాదు, ఇళ్ళల్లో పెద్దవాళ్ళు అనే మాటే కదా వాళ్ళు అనేది. ఒకరోజు అందరూ వెళ్ళాక ఆగి, "టీచర్, నేను ఊరికి ఎంత బాకీ?" అని అడిగాడు. ఏమీ లేదురా నాన్నా అన్నాను. వాడు నమ్మలేదు, నా మొహంలోకి చూసి వెళ్ళిపోయాడు. ఆ వేసవిలోనే వాళ్ళు ఇంటికి తాళం వేసి విజయవాడ వెళ్ళిపోయారు, మళ్ళీ రాలేదు. ఊరు ప్రాణం నిలబెట్టిన పిల్లాణ్ణి ఊరే నిలవనివ్వలేదు బుజ్జీ.

అందుకే ఫోటో తీసెయ్యమన్నా. పాప పేరు కూడా వద్దు, "మన ఊరి పాప" అంటే చాలు, నమ్మకం కావాలన్నవాళ్ళకి ఆస్పత్రి కాయితం చూపించు. పిల్లని, తల్లిని ఎక్కడికీ వెంట తిప్పకు, స్టేజీ ఎక్కించకు, అందరికీ దణ్ణం పెట్టించకు.

మొదటి రూపాయి రాకముందే ఒక పేజీ రాసుకోండి, డబ్బు వేటికి వాడతామో. ఆపరేషన్, మందులు, వెల్లూరు పక్కన కాట్పాడి స్టేషన్ దాకా రైలు ఛార్జీలు, అక్కడ ఆస్పత్రి దగ్గర గది అద్దె, ఆపరేషన్ తర్వాత సుమారు మూడు నెలలు అక్కడే ఉండాల్సొస్తుంది, అన్నాళ్ళూ ఆటో తిరగదు కాబట్టి ఇంటి ఖర్చుకి ఇంత అని. ఇది సిగ్గుపడకుండా రాయి, తండ్రి ఆటో ఆపుకుని పిల్ల పక్కన కూర్చోవడం కూడా వైద్యంలో భాగమే. మిగిలితే ఎటు పోవాలో కూడా అందులోనే రాయి, హైదరాబాదులో తలసీమియా పిల్లలకి రక్తం ఎక్కించే సొసైటీ ఉంది, అక్కడికి పంపొచ్చు. ఇంకొకటి, రాయడానికి నా చెయ్యి రావట్లేదు గానీ, ఇది ప్రమాదం లేని ఆపరేషన్ కాదు. గ్యారంటీగా నయమవుతుందని ఎవరికీ చెప్పకు. జరగకూడనిది జరిగితే మిగిలిన డబ్బు సంగతి ఎవరు చూస్తారో ఇప్పుడే రాసిపెట్టుకోండి, ఆ రోజు ఆ తల్లిదండ్రుల్ని ఎవరూ లెక్క అడగకూడదు.

అంతా అయ్యాక పంచాయతీ ఆఫీసు దగ్గర అందర్నీ పిలిచి లెక్క చదివెయ్యి, గోడకి అంటించు, ఇవాళ్టితో ఇది ముగిసింది, ఆ ఇంట్లో ఇకమీద ఎవరేం కొనుక్కున్నా మనకి సంబంధం లేదని సర్పంచి గారి నోటితో గట్టిగా చెప్పించు.

ఇచ్చినవాళ్ళ పేర్లు అంటిస్తే పక్కన అంకెలు వద్దు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నేను హైస్కూల్లో ఉన్నా, ఎన్టీఆర్, నాగేశ్వరరావు జోలె పట్టుకుని తిరిగారని అందరూ చెప్పుకునేవాళ్ళు. మన ఊళ్ళో కూడా బియ్యం పోగుచేశారు. మా అమ్మ డబ్బాలో ఉన్న బియ్యం మొత్తం పోసి ఆ పూట మాకు జొన్న సంకటి పెట్టింది, ఎవరితోనూ అనొద్దంది. కాలనీ నుంచి కూలికి వెళ్ళే ఆడవాళ్ళు తలో గిద్దెడు తెచ్చి పోశారు. "వాళ్ళేం ఇస్తారులే" అని కాలనీకి వెళ్ళకుండా ఉండకు, అంతకంటే అవమానం లేదు. అలాగే డ్వాక్రా గ్రూపుల్లో తలా ఇంత అని లీడరుతో చెప్పించి కోయించకు, ఇవ్వలేని మనిషి మీటింగులో కాదనలేదు. గుడిలో, చర్చిలో, మసీదులో ఒకే మాట చెప్పించు. ఏ పార్టీ కండువా నీ పక్కన కనపడకూడదు, ఎంత పెద్ద మొత్తం ఇస్తానన్నా సరే.

డబ్బులేని కుర్రాళ్ళు ఊరికే తిరుగుతుంటారు కదా, వాళ్ళ బ్లడ్ గ్రూపులు రాసుకో. వెల్లూరులో రక్తం, ప్లేట్‌లెట్లు ఇచ్చేవాళ్ళు కావాల్సొస్తుంది, పాప గ్రూపుకి సరిపోయేవాళ్ళు నలుగురు రైలెక్కి వెళ్ళారంటే ఆ తండ్రికి కొండంత అండ.

నిన్ను కూడా అంటారు తల్లీ. కమిషన్ ఎంత అని అడుగుతారు, పెళ్ళి కావలసిన పిల్ల ఊళ్ళు పట్టుకు తిరుగుతోందంటారు. మీ అమ్మ భయం అదే. చీకటి పడ్డాక ఒక్కదానివే ఎవరింటికీ వెళ్ళకు, ఎవరో ఒకరిని వెంటబెట్టుకో, అన్నం మానకు. నీతో ఎవరైనా తేడాగా మాట్లాడితే నాకు ఫోన్ చెయ్యి, ఆ ఊళ్ళో సగం మంది నా దగ్గర అక్షరాలు దిద్దినవాళ్ళే.

నా వంతు ఇరవై వేలు, అకౌంటు తెరవగానే వేస్తా. ఆ పేజీ రాశాక నాకు ఫోటో పంపు, సంతకాలు పెట్టించకముందే, అందులో ఇంటి ఖర్చు ఎంత వేశావో నేను చూడాలి, నువ్వు మొహమాటపడి తక్కువ వేస్తావు.

మీ పెద్దమ్మ