ఓడ ఇంకా సముద్రంలోనే ఉంది

అమ్మాయీ,

నువ్వు పంపిన మూడు అధ్యాయాలూ చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. బాల్టిమోర్‌లో ఉంటూ 1812 నాటి యుద్ధం మీద తెలుగులో నవల మొదలుపెట్టావంటే నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను. స్వాతంత్ర్యం వచ్చాక ముప్పై ఏళ్లకే అమెరికా మళ్లీ బ్రిటన్‌తో తలపడిందన్న సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. నువ్వు చెబితే వింటారు.

మొదటి అధ్యాయంలోనే ఒకచోట నా పెన్సిల్ ఆగిపోయింది. ఓడ మీద నావికుడు తోటివాడితో అంటాడు: "ఈ యుద్ధంలో చివరికి ఎవరూ గెలవరు." అది 1812 జూన్. అతనికెలా తెలుసు? ఆ మాట నీది. రెండు వందల ఏళ్ల తర్వాత పుస్తకాలన్నీ చదివిన నీ మాట తెచ్చి అతని నోట్లో పెట్టావు.

ఈ తప్పు నేనూ చేశాను. రాయడం మొదలుపెట్టిన రోజుల్లో 1948 పోలీసు చర్య మీద ఒక కథ రాశాను. అందులో ఒక రైతు "ఇంకో నాలుగు రోజుల్లో నైజాం లొంగిపోతాడు" అంటాడు. ఆ కాలం చూసిన ఒక ముసలమ్మకు ఆ కథ చదివి వినిపించాను. ఆమె మధ్యలోనే ఆపింది. "మాకేం తెలుసు బిడ్డా? లారీ సప్పుడైతే ఎవరొచ్చిండ్రో తెల్వక జొన్నచేన్ల పండుకున్నం. నా చిన్నోని నోరు మూసి పట్టుకున్న" అంది. ఆమె చెయ్యి అలా చూపిస్తూ ఉండగానే నా కథ ఎందుకు చచ్చిపోయిందో నాకు అర్థమైంది.

నువ్వు ఎంచుకున్న యుద్ధంలోనైతే ఈ తెలియకపోవడమే అసలు కథ. అమెరికా నావికుల్ని బ్రిటిష్ నౌకాదళం బలవంతంగా తన ఓడల్లోకి లాక్కుపోవడం ఒక కారణమైతే, సముద్ర వ్యాపారం మీద లండన్ పెట్టిన ఆంక్షలు ఇంకో కారణం. జూన్ 16న లండన్‌లో ఆ ఆంక్షల్ని ఎత్తేస్తున్నామని ప్రకటించారు. జూన్ 18న వాషింగ్టన్‌లో అధ్యక్షుడు మాడిసన్ యుద్ధ ప్రకటన మీద సంతకం పెట్టాడు. కబురు సముద్రం దాటాలంటే వారాలు పట్టే రోజులు. అలాగని కబురు ముందే అందితే యుద్ధమే జరిగేది కాదని రాసెయ్యకు. నావికుల గొడవ అలాగే ఉంది, పడమటి భూముల మీద ఆశ ఉంది, ఆ భూముల్ని కాపాడుకోవాలని అక్కడి షానీ తెగ నాయకుడు టెకుమ్సే చేస్తున్న పోరాటమూ ఉంది.

ముగింపూ అంతే. 1814 డిసెంబర్ 24న ఐరోపాలోని గెంట్ నగరంలో సంధి రాసుకున్నారు. జనవరి 8న న్యూ ఆర్లియన్స్ దగ్గర బ్రిటిష్ వాళ్లు అమెరికన్ల మట్టికట్టకు ఎదురుగా నడిచొచ్చి, చచ్చినవాళ్లూ గాయపడ్డవాళ్లూ పట్టుబడ్డవాళ్లూ కలిపి దాదాపు 2,000 మందిని పోగొట్టుకున్నారు. సంధి కాగితం తెచ్చిన ఓడ న్యూయార్క్ చేరింది ఫిబ్రవరి 11న. "యుద్ధం ముగిశాక జరిగిన యుద్ధం" అని నువ్వు రాశావు, చాలామంది అలాగే రాస్తారు. అది సరికాదు. ఆ సంధిని రెండు దేశాలూ ఆమోదించేదాకా పోరాటం ఆపక్కర్లేదని సంధిలోనే ఉంది. అమెరికా సెనేట్ ఆమోదించింది ఫిబ్రవరి 16న. ఆ వాక్యం తీసెయ్.

రెండో అధ్యాయంలో అధ్యక్షుడి భార్య డాలీ మాడిసన్ నిచ్చెనెక్కి జార్జి వాషింగ్టన్ చిత్రపటాన్ని తనే దించినట్టు రాశావు. పాల్ జెన్నింగ్స్‌ను చదువు. బ్రిటిష్ వాళ్లు వాషింగ్టన్ మీద పడ్డ 1814 ఆగస్టు 24న అధ్యక్షుడి ఇంట్లో ఉన్న పదిహేనేళ్ల కుర్రాడు, మాడిసన్ల బానిస. యాభై ఏళ్ల తర్వాత తన జ్ఞాపకాలు రాస్తూ ఆ కథ నిజం కాదన్నాడు. ఆమెకు అంత టైం లేదు, దించాలంటే నిచ్చెన కావాలి, ఆ పని చేసింది తోటమాలీ, ఇంట్లో పనిచేసే ఒక ఫ్రెంచి మనిషీ అన్నాడు. ఆ మధ్యాహ్నం అతను భోజనాల బల్ల సర్దాడు. బీరూ వైనూ తెచ్చి చల్లబడడానికి పెట్టాడు. అధ్యక్షుడి అతిథుల కోసం తను సిద్ధం చేసిన ఆ భోజనాన్నే బ్రిటిష్ వాళ్లు వచ్చి తిని, ఆ వైన్ తాగి, తర్వాత ఇల్లు తగలబెట్టారు. నీ అధ్యాయం ఆ బల్ల దగ్గర మొదలవ్వాలి. పళ్లేలు పెడుతున్నప్పుడు అతనికి తెలిసిందల్లా ఎంతమంది వస్తారన్నదే. ఇంకొకటి, నువ్వు అతన్ని "పనివాడు" అన్నావు. బానిస అనే రాయి. మాట మెత్తబడితే విషయం అబద్ధమైపోతుంది.

మూడో అధ్యాయంలో మీ బాల్టిమోర్ మెక్‌హెన్రీ కోట జెండా బాగా వచ్చింది. దాన్ని కుట్టిన మేరీ పికర్స్‌గిల్ ఇంట్లో చోటు చాలక, దగ్గర్లోని బీరు తయారీశాల నేల మీద పరిచి కుట్టారన్నది నువ్వు పట్టుకున్నావు. 30 అడుగుల వెడల్పు, 42 అడుగుల పొడవు! అయితే ఆమె దగ్గర ఒప్పందం మీద కట్టుబడి పనిచేసిన నల్లజాతి పిల్ల గ్రేస్ విషర్ నీ పేజీల్లో ఎక్కడా లేదు. పదమూడేళ్ల పిల్ల. నేల మీద మోకాళ్ల మీద కూర్చుని ఉన్ని గుడ్డ కుడితే మోకాళ్లు ఎలా ఉంటాయో మీ అమ్మనడుగు, బొంతలు కుట్టే ఉంటుంది.

ఆ కోట మీద బ్రిటిష్ ఓడల నుంచి 25 గంటల పాటు బాంబులు, రాకెట్లు కురిసిన రాత్రి వాన పడింది. అందుకే ఆ పెద్ద జెండా కాదు, తుఫానుకని కుట్టిన చిన్నది ఎగిరిందంటారు, పెద్దది తెల్లవారాక ఎక్కించారు. ఆ రాకెట్ల గురించి మాత్రం నువ్వు ఒక్క పేరా ఎక్కువ రాసినా నేను కాదనను. శ్రీరంగపట్నంలో టిప్పు సైన్యం వాడిన రాకెట్లు 1799 తర్వాత ఇంగ్లండ్ చేరాయి, వాటిని చూశాకే ఇంగ్లండ్‌లో కాంగ్రీవ్ అనే ఆయన తన రాకెట్లు తయారుచేశాడు. మన దక్షిణాది నిప్పు అక్కడి ఆకాశంలో ఎర్రగా వెలిగింది.

నీ కథనంలో బ్రిటిష్ వాళ్లు ప్రతిచోటా "శత్రువులు". ఎవరికి? మీ ఊరి పక్కనున్న చెసాపీక్ అఖాతం తీరంలో వేలమంది బానిసలు రాత్రిపూట పడవలెక్కి ఆ ఓడల దగ్గరికే పారిపోయారు. వాళ్లలో కొందరు బ్రిటిష్ సైన్యం ఎర్రకోటు వేసుకుని పాత యజమానులతోనే పోరాడారు. యుద్ధం తర్వాత నోవా స్కోషియాలో, ట్రినిడాడ్‌లో స్థిరపడ్డారు. ఒడ్డున బిడ్డను చంకనేసుకుని నిలబడ్డ తల్లికి ఆ ఓడ దీపం ఎలా కనబడిందో ఒక్క పేజీ రాసి చూడు.

ఒక నోటుబుక్ తీసుకో. పేజీ మధ్యలో గీత గియ్యి. ఎడమ పక్క ఏది ఎప్పుడు జరిగిందో, కుడి పక్క అది నీ పాత్రకు ఎప్పుడు తెలిసిందో రాసుకో. రాసేటప్పుడు కుడి పక్క మాత్రమే చూడు. న్యూ ఆర్లియన్స్ అధ్యాయం రాయబోయే ముందు మాత్రం, ఆ రోజు సంధి కాగితం ఎక్కడుందో ఎడమ పక్క ఒకసారి చూసుకో. అట్లాంటిక్ మీద, ఏదో అలల మధ్య. అది నీకు తెలియాలి, మట్టికట్ట వెనక తుపాకీ పట్టుకున్నవాడికి తెలియకూడదు.

జెన్నింగ్స్ బల్ల సర్దే సీను ముందు రాసి పంపు. మిగతావి తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో.