కామ్‌షాఫ్ట్ కోసం చైన్ కుదువ పెట్టాలా?

తిరుపతి నుంచి ఒక పాఠకుడు రాశారు. వయసు 31, శ్రీసిటీలో ఉద్యోగం, చేతికి 34 వేలు వస్తుంది. వాళ్ళ నాన్న కొన్న 2008 మోడల్ పెట్రోల్ స్విఫ్ట్, 1.3 ఇంజిన్‌ది, ఇప్పుడు ఈయన నడుపుతున్నారు. నలుగురు ఎక్కి ఏసీ వేస్తే తిరుమల ఘాట్‌లో బండి లాగడం లేదట. అందుకని పర్ఫార్మెన్స్ కామ్‌షాఫ్ట్ (ఇంజిన్ వాల్వులను తెరిచి మూసే కడ్డీ, పవర్ పెంచే రకం) వేయిద్దామనుకుంటున్నారు. కామ్, వాల్వు స్ప్రింగులు, హెడ్ (ఇంజిన్ పైభాగం) పని, ట్యూనింగ్ అన్నీ కలిపి 85 వేలకు ఎస్టిమేట్ వచ్చింది. బ్యాంకులో ఉన్నది 22 వేలు. "లోన్ యాప్‌లో 30 శాతం వడ్డీకి రెండేళ్ళకు ఇస్తామంటున్నారు, కాదంటే మా ఆవిడ చైన్ కుదువ పెట్టొచ్చు. నెలకు ఎలాగూ 5 వేలు మిగులుతోంది. ఏది మంచిదన్నా?" అని అడిగారు.

అన్నా అన్నారు కాబట్టి చనువుగానే చెప్తాను. రెండూ వద్దు.

మీ ఉత్తరానికి జవాబు రాస్తున్నది కారు కోసం కాదు, ఆ "ఎలాగూ 5 వేలు మిగులుతోంది" అనే మాట కోసం. ఇది ఒక్క మీ మాటే కాదు. బైక్ సైలెన్సర్ మార్చాలనుకునే కుర్రాడి దగ్గర్నుంచి కిస్తీల మీద ఫోన్ మార్చే పెద్దాయన దాకా అందరూ ఇదే లెక్క వేస్తారు, మిగులు ఇంత, ఈఎంఐ అంతకంటే తక్కువ, కాబట్టి కొనొచ్చు అని. ఆ మిగులు మీద ఇంకెవరికీ హక్కు లేనట్టు! జూన్‌లో పాప స్కూలు ఫీజుందని మీరే రాశారు, నాన్నగారికి షుగరనీ మీరే రాశారు. అవి ఈఎంఐ అయ్యేదాకా ఆగుతాయా?

లెక్క చూద్దాం. 34 వేలలో 5 వేలు మిగులుతోందంటే ఇంటి ఖర్చు 29 వేలు. మీ 22 వేలతో ఆ ఇల్లు గట్టిగా 23 రోజులు నడుస్తుంది. జీతం ఒక్క నెల ఆగితే 24వ రోజు ఎవరిని అడుగుతారు? మళ్ళీ ఆ యాప్‌నే. ఇప్పుడు 85 వేలు 30 శాతానికి 24 నెలలకు తీసుకుంటే ఈఎంఐ 4,750 చిల్లర, మొత్తం కట్టేది లక్షా 14 వేలు. వడ్డీ ఒక్కటే 29 వేలు, అంటే మీ ఇంటి ఒక నెల ఖర్చంతా. ప్రాసెసింగ్ ఫీజు అదనం. అదే 4,750 అదే 24 నెలలు బ్యాంకు ఆర్‌డీలో (నెలనెలా కట్టే డిపాజిట్) వేస్తే, ఇప్పుడున్న 22 వేలు ముట్టుకోకపోతే, వడ్డీ లెక్కపెట్టకుండానే లక్షా 36 వేలు చేతిలో ఉంటాయి. నాలుగున్నర నెలల ఖర్చు. నేను అందరికీ పక్కన పెట్టుకోమని చెప్పేది ఆరు నెలల ఖర్చు, మీకైతే లక్షా 74 వేలు, దగ్గరికైనా వస్తారు. పోస్టాఫీసు ఆర్‌డీ మాత్రం వద్దు, అది ఐదేళ్ళది, మూడేళ్ళు నిండేదాకా మూయనివ్వరు. ఎమర్జెన్సీకి పెట్టుకునే డబ్బు అడిగిన రోజే చేతికి రావాలి.

అసలు మన ఊళ్ళో ఎమర్జెన్సీ ఫండ్ గురించి ఇంత చెప్పాల్సి రావడమే నాకు ఆశ్చర్యం. 2020 మార్చి 20న కొండ మీద దర్శనాలు ఆపేశారు, మళ్ళీ మొదలయ్యేసరికి జూన్. నా దగ్గరికి వచ్చే ఒక ట్రావెల్స్ ఆయన అంతకు కొన్ని నెలల ముందే అప్పు చేసి రెండో బండి కొన్నాడు. ఈయనదీ "నెలకు ఎలాగూ మిగులుతుంది" లెక్కే. ఆ రెండున్నర నెలలూ రెండు బండ్లూ ఇంటి ముందు దుమ్ము కొట్టుకుపోయాయి. ఆఖరికి రెండో బండి అమ్ముకున్నాడు, అదీ కొన్న ధరలో సగానికి. మీది కంపెనీ ఉద్యోగం, మీకు అలా జరగదంటారేమో. ఆయనా అప్పట్లో తిరుపతికి జనం రాకుండా ఉంటారా అనే అన్నాడు.

చైన్ సంగతి. దాని మీద వడ్డీ, యాప్‌ వడ్డీ కంటే తక్కువే, నిజమే. కానీ ఇంట్లో ఎవరికైనా బాగోలేని రోజు అక్కరకొచ్చే చివరి వస్తువు అది. దాన్ని ముందే కామ్‌షాఫ్ట్ కింద పెట్టేస్తే ఆ రోజు ఏం పెడతారు? క్రెడిట్ కార్డు ఊసైతే ఎత్తకండి.

మీరు పంపిన ఎస్టిమేట్ ఫోటో పెద్దది చేసి చూశాను. చేత్తో రాసిందే. పైనుంచి వరుసగా రేట్లున్నాయి, అట్టడుగున చిన్న అక్షరాలతో "మిగతావి హెడ్ విప్పాక" అని ఉంది, దాని ఎదురుగా అంకె లేదు. ఇన్నేళ్ళ ఇంజిన్‌కి హెడ్ విప్పాక ఏం బయటపడతాయో మెకానిక్‌కి తెలుసు, మీ జేబుకి ఇంకా తెలీదు. గైడ్లు, ఆయిల్ సీళ్ళు, వాటర్ పంప్, ఎలాగూ విప్పాం కదా అని టైమింగ్ బెల్ట్. కొత్త కామ్ మీద, వాల్వులను నొక్కే రాకర్లు అరిగిన పాతవే వేస్తే కామ్ కూడా తొందరగా పోతుంది, కాబట్టి రాకర్లూ. అప్పు 85 వేల దగ్గర ఆగదు.

పోనీ మీ సమస్యకైనా ఇది మందా అంటే, కాదు. నాకు బండ్ల పిచ్చి కొంచెం ఉంది కాబట్టి చెప్తున్నా. ఆ రకం కామ్ వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది, దాని లాభం ఇంజిన్ బాగా పైకి తిరిగినప్పుడే. కింద తిరిగేటప్పుడు లాగుడు ఇంకా తగ్గుతుంది, ఐడిల్‌లో బండి వణుకుతుంది. ఘాట్‌లో మీకు కావలసింది సెకండ్ గేర్‌లో, తక్కువ స్పీడులో లాగుడు. పైగా అలిపిరి నుంచి 28 నిమిషాల కంటే ముందు పైకి చేరితే మనకే జరిమానా. అంత స్పీడు ఎక్కడ వాడుకుంటారు? ముందు కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో ప్రెషర్ తగ్గిందేమో చూసే పరీక్ష) చేయించండి, క్లచ్ జారుతోందేమో చూపించండి, ప్లగ్గులు మార్చి థ్రాటిల్ బాడీ, ఇంజెక్టర్లు శుభ్రం చేయించండి. క్లచ్ మంచిదైతే ఇదంతా మీ నెల మిగులులో దాదాపు అయిపోయే పని. ఎప్పటికైనా ఇంజిన్‌లో మార్పులు చేయిస్తే ఇన్సూరెన్స్ కంపెనీకి ముందే చెప్పండి, లేకపోతే క్లెయిమ్ రోజు గొడవ.

మీ కంపెనీ గ్రూప్ హెల్త్ పాలసీలో అమ్మానాన్నలు లేరని రాశారు. ముందే ఉన్న షుగర్‌కి కొత్త పాలసీలో మూడేళ్ళ దాకా వెయిటింగ్ (అంతవరకు దానికి క్లెయిమ్ ఇవ్వరు) పెట్టొచ్చు, అందుకే ఆలస్యం వద్దు. నాన్నగారి వయసెంత, మాత్రలు ఎన్నేళ్ళ నుంచి వాడుతున్నారో రాయండి, దాని సంగతి చూద్దాం.