విరాళాల కోసం 113 కిలోమీటర్లు

ప్రశ్న: నా వయసు 38, ఐటీ ఉద్యోగం. మా ఊరి బడిలో మరుగుదొడ్ల కోసం 3 లక్షలు పోగు చేద్దామని గోవా హాఫ్ ఐరన్‌మ్యాన్‌కు (ఈత, సైకిల్, పరుగు కలిపి 113 కి.మీ. పోటీ) పేరిచ్చాను. ఆఫీసులో అందరికీ చెప్పేశాను కూడా. ఐదు నెలల టైముంది. సైకిల్, పరుగు పర్వాలేదు. స్విమ్మింగ్ పూల్‌లో మాత్రం 25 మీటర్లకోసారి గోడ పట్టుకుని ఆగిపోతున్నాను. నా వల్ల అవుతుందా?
— హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: అవుతుంది. కాకపోతే ఈ ఐదు నెలలూ ఈతకే పెద్దపీట వేయాలి. 1.9 కి.మీ. ఈతకు మామూలుగా 70 నిమిషాల గడువు ఇస్తారు. 90 కి.మీ. సైకిల్, 21.1 కి.మీ. పరుగు కూడా కలిపి మొత్తం 8 గంటల 30 నిమిషాలు. మీ ఏడాది పోటీ గైడ్‌లో ఏముందో మాత్రం చూసుకోండి. వంద మీటర్లకు 3 నిమిషాలు పట్టినా 57 నిమిషాల్లో ఒడ్డెక్కుతారు. అంటే వేగం అక్కర్లేదు, ఆగకపోతే చాలు.

25 మీటర్లకే ఆయాసం రావడం దమ్ము లేక కాదు. తల నీళ్లలో ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టి, పక్కకు తిప్పిన అర క్షణంలో వదలడం, పీల్చడం రెండూ చేయబోతుంటారు. గాలిని నీళ్లలోనే బుడగలుగా వదిలేయండి. తల తిప్పినప్పుడు పీల్చడమొక్కటే మిగలాలి. ఇది ఒంటబట్టడానికి రెండు మూడు వారాలు పడుతుంది.

అది అలవాటయ్యాక వారానికి మూడు రోజులు ఈదండి. ఒక రోజు వంద మీటర్లు పదిసార్లు, మధ్యలో 20 సెకన్ల విరామం. ఇంకో రోజు 400 మీటర్లు మూడుసార్లు. మూడో రోజు ఆపకుండా ఎంత దూరం వెళ్లగలరో అంత. దాన్నే వారానికి 200 మీటర్ల చొప్పున పెంచుతూ 2,200కు తేవాలి. గోడను తన్నిన ప్రతిసారీ నాలుగైదు మీటర్లు ఊరికే వస్తాయి, సముద్రంలో ఆ గోడ ఉండదు. అందుకే 1,900 దగ్గర ఆపేయకూడదు.

పూల్‌లోలాగా దారి చూపడానికి సముద్రంలో అడుగున నల్ల గీత కూడా ఉండదు. ఆరేడు చేతులకోసారి మొసలిలా కళ్లవరకే పైకెత్తి బోయాను (దారి చూపే తేలే గుర్తును) చూసుకోవాలి. తల మొత్తం ఎత్తితే నడుము మునిగిపోతుంది. పూల్‌లో ఒకే వరుసలో నలుగురు కలిసి ఈదితే తోపులాట అలవాటవుతుంది. భయమేస్తే వెల్లకిలా తిరిగి చెయ్యెత్తండి. సాయం కోసం ఉండే చిన్న పడవ (కయాక్) పట్టుకుని సేదతీరవచ్చు, అది ముందుకు కదలనంతవరకు అనర్హత ఉండదు. ఇలాంటి మూడంచెల పోటీల్లో (ట్రయథ్లాన్) జరిగిన మరణాల్లో ఎక్కువ భాగం ఈత దశలోనే జరిగాయి కాబట్టి డాక్టరుకు చూపించుకుని, ఈసీజీ తీయించుకున్నాకే సాధన పెంచండి. వెట్‌సూట్ (చల్లటి నీళ్లలో వేసుకునే రబ్బరు దుస్తులు) కొనొద్దు. గోవా నీళ్ల వెచ్చదనానికి అందులో ఉడికిపోతారు.

ప్రశ్న: ఇలాంటి పోటీకే స్నేహితుల దగ్గర డబ్బు నా ఫోన్‌పేలో తీసుకుని చివర్లో ట్రస్టుకు ఇస్తే సరిపోతుందా? అమెరికాలో ఉన్న మా బావ కూడా ఇస్తానంటున్నాడు.
— గుంటూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: దయచేసి అలా చేయొద్దు. బంధువులు కానివాళ్లు ఇచ్చిన డబ్బు ఏడాదిలో 50,000 దాటితే పన్ను లెక్కలో మొత్తమంతా మీ ఆదాయమే అనే ప్రశ్న వస్తుంది. ఇచ్చినవాళ్లకూ రసీదు రాదు. ఖాతా నంబరు ట్రస్టుదే ఇవ్వండి. దానికి 80జి గుర్తింపు (ఇచ్చినవాళ్లకు పన్ను మినహాయింపు తెచ్చేది) ఎప్పటిదాకా ఉందో, విరాళం సర్టిఫికెట్ (10బీఈ) ఎవరు పంపుతారో ముందే అడగండి. నగదు 2,000 దాటితే మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు అసలే రాదు. ఈ ముక్క దాచిపెట్టి అడిగితే తర్వాత మాట పడాల్సి వస్తుంది.

బావగారి విషయంలో చూడాల్సింది పాస్‌పోర్టు. భారతీయ పాస్‌పోర్టే ఉంటే, బ్యాంకు ద్వారా పంపినది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డున్నా (విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చేది) సరే, ట్రస్టుకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి, దాని కోసం ఢిల్లీ ఎస్‌బీఐలో తెరిచిన ప్రత్యేక ఖాతా ఉండాలి. చిన్న ట్రస్టులు చాలావాటికి అది ఉండదు.

ఎంట్రీ ఫీజు, రైలు టికెట్టు, హోటలు మీ జేబులోంచే పోవాలి. ఆ సంగతి విరాళం అడిగే మెసేజ్‌లోనే రాయండి. కిలోమీటరుకు 20 రూపాయలంటే మనిషికి 2,260. అలా 133 మంది ఇస్తే 3 లక్షలు దాటుతుంది. పోటీ పూర్తి చేసినా చేయకపోయినా విరాళం వెళ్తుందని ముందే చెప్పుకోండి.

ప్రశ్న: సైకిల్ మీద 60 కి.మీ. దాటేసరికి కడుపులో తిప్పి వాంతి అవుతోంది. గంటకు రెండు జెల్‌లు (చిక్కటి చక్కెర పాకం ప్యాకెట్లు), స్పోర్ట్స్ డ్రింక్ తీసుకుంటున్నాను.
— విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: చక్కెర మీద చక్కెర పడుతోంది. పాకం చిక్కబడితే పొట్ట దాన్ని కిందికి వదలదు, పైగా ఒంట్లో నీటిని అటు లాగేస్తుంది. జెల్ మింగితే వెంట 150–200 మి.లీ. మంచినీళ్లే తాగాలి, స్పోర్ట్స్ డ్రింక్ కాదు. లేదంటే జెల్‌లు మానేసి 750 మి.లీ. నీళ్లలో 45 గ్రాముల పంచదార (గీటుగా పదకొండు టీస్పూన్లు), పావు టీస్పూను ఉప్పు, సగం నిమ్మకాయ కలుపుకోండి. గంటకు ఆ సీసా ఒకటి, ఒక అరటిపండు. దాదాపు 70 గ్రాముల పిండిపదార్థం అందుతుంది. మొదట్లో అది కూడా బరువనిపిస్తే అరటిపండు తగ్గించి, మూడు నాలుగు వారాల్లో పెంచండి. పొట్టకూ సాధన కావాలి. లీటరుకని రాసి ఉన్న ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను అర లీటరులో కలిపినా ఇదే వికారం. అలాగని వట్టి నీళ్లే గంటలకొద్దీ తాగితే రక్తంలో సోడియం పడిపోయి ఇంకా ప్రమాదం. పోటీ రోజు పొద్దున మూడు గంటల ముందు ఇడ్లీలు తినండి, తేనెతోనో పంచదారతోనో. సాంబారు ఆ పూటకు పక్కన పెట్టండి.

ప్రశ్న: పంక్చరైతే కొత్త ట్యూబు వేశాను. పది నిమిషాల్లో అదీ పోయింది. ఎందుకు?
— వరంగల్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: గుచ్చుకున్న తీగముక్కో ముల్లో టైరులోనే ఉండిపోయి ఉంటుంది. టైరు పేరున్న చోటు ఎప్పుడూ వాల్వు దగ్గరకు వచ్చేలా బిగించండి. పాత ట్యూబులో చిల్లు ఎక్కడుందో చూస్తే టైరులో ఎక్కడ వెతకాలో తెలిసిపోతుంది. లోపలి వైపు పాత గుడ్డతో తుడవండి, ఏదున్నా దారం పట్టేస్తుంది. వేలితో తడిమితే కోసుకుంటుంది. ట్యూబులో కొద్దిగా గాలి నింపాకే లోపల పెట్టండి, లేకపోతే టైరుకూ రిమ్ముకూ మధ్య నలిగి చిల్లు పడుతుంది. సీటు కింద సంచిలో రెండు ట్యూబులు, టైరు ఊడదీసే రెండు లీవర్లు, చిన్న పంపు ఉండాలి. ట్యూబు నింపే చిన్న గ్యాస్ సిలిండర్ ఒక్కదాన్నే నమ్ముకుంటే అది తుస్సుమన్నాక చేసేదేమీ ఉండదు.