తాగే తండ్రికి కాపలా కాస్తున్న కూతురు

ప్రశ్న: మాది పలాస దగ్గరి పల్లె. మా వీధిలోనే ఉంటున్న మా బావగారు పదేళ్లుగా రోజూ తాగుతున్నారు. ఏడో తరగతి చదువుతున్న మా అక్క కూతురు చీకటి పడ్డాక ఆయనను వెతికి ఇంటికి తెస్తోంది, తమ్ముడికి అన్నం పెట్టి నిద్రపుచ్చుతోంది, తరచూ బడి మానేస్తోంది. మందు మాన్పించే పొడి ఒకటి తెప్పించి, ఆయనకు తెలియకుండా కూరలో కలిపే పనిని కూడా అక్క ఆ పిల్లకే అప్పజెప్పింది. పిన్నిగా నేనేం చేయగలను?

జవాబు: ముందుగా ఆ పొడి వాడకాన్ని ఈ రోజే ఆపించండి. తాగుడు మాన్పించడానికి వైద్యులు వాడే డైసల్ఫిరామ్ వంటి మందు అందులో ఉంటే, దానిపై మద్యం తాగినప్పుడు వాంతులు, గుండెదడ మొదలై, రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ఆ మందును రోగికి చెప్పి, అతని అంగీకారంతోనే ఇవ్వాలి. ఆయనకు ఏదైనా జరిగితే, నాన్నకు ఆ కూర పెట్టింది నేనే కదా అన్న బాధ ఆ పిల్లను జీవితమంతా వెంటాడుతుంది. నన్ను ఎక్కువగా కలచివేస్తున్నది అదే.

ఇంత చిన్న వయసులో ఇల్లు చక్కదిద్దుతోందని ఊరంతా ఆమెను మెచ్చుకుంటూ ఉండవచ్చు. దయచేసి మీరు మెచ్చుకోకండి. ఇలాంటి ఇళ్లలో పెరిగే పిల్లల్లో చాలామంది, తండ్రి అడుగుల చప్పుడును బట్టే ఆ రాత్రి ఎలా గడుస్తుందో అంచనా వేసుకుంటూ, తాము ఇంకాస్త బుద్ధిగా ఉంటే ఆయన మానేస్తారని నమ్ముతూ, ఇంటి పరువు పోతుందని స్నేహితులకైనా చెప్పుకోలేక నలిగిపోతారు. ఆమెను పక్కన కూర్చోబెట్టుకొని, "నాన్న తాగడం నీ వల్ల మొదలవలేదమ్మా, నువ్వు ఆపగలిగేదీ కాదు, అది పెద్దవాళ్లమూ డాక్టర్లూ చూసుకోవలసిన పని" అని చెప్పండి. ఒక్కసారికి నమ్మదు, మళ్లీ మళ్లీ చెప్పవలసి ఉంటుంది. ఆమె ఎదుట ఆయనను తిట్టకండి; తండ్రిపై ఆమెకు ప్రేమా కోపమూ రెండూ ఉంటాయి, ఆ రెండింటిలో ఏదీ తప్పు కాదు.

మాటతో పాటు పని కూడా మారాలి. బావగారిని వెతికే పనిని ఇకపై మీ ఇంటి పెద్దవారెవరైనా తీసుకోవాలి. రోజూ సాయంత్రం పిల్లలిద్దరూ మీ ఇంట్లోనే చదువుకొని, భోజనం చేసేలా అక్కతో మాట్లాడండి. ఆమె కూడా అలసిపోయి ఉంది కనుక, నిందించకుండా మాట్లాడండి. గొడవ జరిగే రాత్రి, ఎవరినీ అడగకుండానే మీ తలుపు తట్టవచ్చని పిల్లలకు ముందే చెప్పి ఉంచండి. బడిలో ఆమెకు చనువున్న ఉపాధ్యాయురాలికి గోప్యంగా విషయం తెలియజేయండి.

బావగారిని ఉన్నపళంగా మానేయమని ఒత్తిడి చేయకండి. ఏళ్ల తరబడి రోజూ తాగేవారు ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, మతిభ్రమ వచ్చే ప్రమాదం ఉంది. శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించి, వారి పర్యవేక్షణలోనే మాన్పించాలి. మద్యం మాన్పించే చికిత్స వివరాలకు 14446కు, మీ మనసులోని భారం చెప్పుకోవడానికి 14416కు ఫోన్ చేయవచ్చు.

ఆయన పిల్లలపై చెయ్యి చేసుకుంటే మాత్రం వెంటనే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి. ఫోన్ చేస్తే పిల్లలను హాస్టల్‌లో పడేస్తారని అక్క భయపడితే, 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం సంరక్షణ గృహానికి పంపడం చిట్టచివరి మార్గమేననీ, అంతకు ముందు మీవంటి దగ్గరి బంధువుల అండనే చూస్తారనీ ఆమెకు చెప్పండి.