ల్యాబ్‌లో పెంచిన గుజ్జు మా అమ్మ మోకాళ్లకు పెట్టించవచ్చా?

మీ అమ్మగారికి 64 ఏళ్లు, రెండు మోకాళ్లలోనూ గుజ్జు అరిగిపోయిందని రాశారు. ల్యాబ్‌లో గుజ్జు పెంచి పెట్టే ఆపరేషన్ నేను చేయించుకున్నాను. మా అమ్మకు మాత్రం చేయించలేకపోయాను. మీ అమ్మగారికి కూడా అది సరిపోదనే అనుకుంటున్నాను.

మాది తిరుపతి. 31 ఏళ్లప్పుడు కరకంబాడి రోడ్డులో బైకు మీంచి పడ్డాను. తొడ ఎముక చివర రూపాయి బిళ్లంత మేర గుజ్జు ఊడిపోయిందని ఎమ్మారైలో తేలింది. చుట్టూ మిగతాదంతా బాగానే ఉంది. నాకు కలిసొచ్చింది అదే.

గుజ్జులో రక్తనాళాలు ఉండవు, అందుకే ఊడితే దానంతటది మానదు. చెన్నైలో మొదట, బరువు పడని చోటు నుంచి బియ్యపు గింజంత ముక్కలు తీశారు. వాటిలోని కణాలను ల్యాబ్‌లో కొన్ని వారాలు పెంచి, రెండో ఆపరేషన్‌లో ఆ గుంటలో పెట్టారు. స్వీడన్ డాక్టర్లు 23 మందికి చేసి 1994లో ఫలితాలు ప్రకటించిన పద్ధతి ఇది. కణాలను కొల్లాజెన్ అనే ప్రోటీన్ పొర మీద పెంచి అతికించే రకానికి అమెరికాలో 2016లో అనుమతి వచ్చింది.

అసలు కష్టం ఆపరేషన్ తర్వాతే. ఆరు వారాలు చంకకర్రలు, ఏడాది ఫిజియోథెరపీ. ఇంట్లోవాళ్లు తోడు లేకపోతే నావల్ల అయ్యేది కాదు. ఏడాదిన్నరకు అలిపిరి మెట్లెక్కాను. మోకాళ్ల పర్వతం దగ్గర చాలా టెన్షన్ పడ్డాను, నొప్పి రాలేదు. అక్కడే కళ్లలో నీళ్లు తిరిగాయి.

అమ్మ గురించి అడిగితే అదే డాక్టర్ చెప్పారు: "గోడకు ఒకచోట పెచ్చూడితే పూత వేస్తాం. గోడంతా పొడిపొడిగా రాలుతుంటే పూత దేన్ని పట్టుకుని నిలుస్తుంది?" అరుగుదలలో ఎదురెదురు ఎముకల మీద కూడా గుజ్జు పోతుంది, లోపల వాపు ఉంటుంది, చాలామందికి కాలు కూడా వంకర తిరుగుతుంది.

అయినా ఆశ చావక అమ్మను ఇంకో క్లినిక్‌కు తీసుకెళ్లాను. స్టెమ్ సెల్ (మూలకణాల) ఇంజెక్షన్‌తో గుజ్జు మళ్లీ పెరుగుతుందని చెప్పి డబ్బు కట్టించుకున్నారు. ఆరు నెలలైనా నొప్పి తగ్గలేదు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ జబ్బులకు తప్ప స్టెమ్ సెల్స్‌ను క్లినికల్ ట్రయల్‌లోనే, అంటే పరిశోధన కోసం చేసే ప్రయోగంలోనే, వాడాలని నాకు తర్వాత తెలిసింది. మీరు దయచేసి ఆ తప్పు చేయకండి.

అమ్మకు మేలు చేసింది తొడ కండరాల వ్యాయామం, కాస్త బరువు తగ్గడం, కింద కూర్చోవడం మానేయడం. ఇప్పుడు రైతుబజారుకు నడిచే వెళ్తుంది.

మీ అమ్మగారికి ఎక్స్‌రే నిలబెట్టి తీశారా, పడుకోబెట్టి తీశారా? నిలబడి తీస్తేనే ఎముకల మధ్య ఖాళీ ఎంత మిగిలిందో సరిగ్గా తెలుస్తుంది. అది చూపించాకే ఏ ఆపరేషన్ సంగతైనా మాట్లాడండి.